మిరపకాయ తినే జంతువు కావలెను

ఆ ఏడు ఆప్ దోఫూ ఇంటి కప్పు మీద ఆరబోసిన మిరపకాయలు ఎంత ఎర్రగా ఉన్నాయంటే, పారో విమానాశ్రయంలో దిగబోతున్న విమానం ఒకటి ఇల్లు తగలబడుతోందనుకుని రెండు చుట్లు ఎక్కువ తిరిగిందట. చెప్పింది దోఫూయే. ఎవరూ నమ్మలేదు. నమ్మాల్సిన పని కూడా లేదు. నమ్మాల్సిన సంగతి ఒక్కటే: ఆ మిరపకాయల్లో ఒక్కటంటే ఒక్కటి ఆయన నాలుక మీద పడి ఆవేళ్టికి పంతొమ్మిది రోజులు.

ఊళ్ళో పిల్లా పెద్దా ఆయన్ని ఆప్ దోఫూ అనీ, ఆయన భార్యను ఆమ్ బిదా అనీ మర్యాదగా పిలుస్తారు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారో కాసేపట్లో మీరే వింటారు. ఇల్లు బిదా తల్లిది, పొలం బిదా తల్లిది, కప్పు బిదా తల్లిది, దాని మీది మిరపకాయలు బిదావి. దోఫూ నలభై రెండేళ్ళ కిందట గుర్రమ్మీద ఒక మూట వేసుకుని ఆ ఇంటికి అల్లుడై వచ్చాడు. ఆ లోయలో మగవాళ్ళందరూ అలా వచ్చినవాళ్ళే కాబట్టి దాని గురించి ఎవరికీ ఏ బాధా లేదు. ఇప్పటిదాకా ఆయనకూ లేదు. కప్పు మీదికి వెళ్ళే నిచ్చెన ఆవిడ తీసేసి మంచం కింద పెట్టాకే, ఈ ఇంట్లో తనదంటూ ఏముందా అని ఆలోచన మొదలైంది.

పంతొమ్మిది రోజుల కిందట పొద్దున్నే ఆయన పొలం గట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కాస్త నెత్తురు కక్కాడు. కూతురు చోకీ నేస్తున్న మగ్గం వదిలేసి పరుగెత్తుకొచ్చి, తండ్రిని గుర్రమెక్కించి కింద ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది. అక్కడ ఉండే సింగే నిజానికి డాక్టరు కాదు, ఆరోగ్య సహాయకుడు. కానీ ఊరికి ఆయనే డాక్టరు. ఆయన పెద్దాసుపత్రికి పంపాడు. వాళ్ళు నోట్లోంచి గొట్టం వేసి చూసి, కడుపులో పుండు అన్నారు. మందులిచ్చి, నలభై రోజులు ఆరా తాగొద్దన్నారు. పల్లెసారా మానడం కష్టమే అయినా దోఫూ తలూపాడు. మోకాళ్ళ నొప్పికి మాత్రలు మింగొద్దన్నారు. తలూపాడు. మిరపకాయ ముట్టొద్దన్నారు.

"మరి అన్నంలోకి ఏం తినాలి?" అని అడిగాడు దోఫూ.

ఎగతాళికి కాదు. నిజంగానే తెలియక అడిగాడు. అరవై ఎనిమిదేళ్ళలో అన్నం పక్కన మిరపకాయ లేని పూట ఆయన ఎరగడు. మనకు వంకాయో బెండకాయో కూర అయితే, ఆ కొండల్లో మిరపకాయే కూర. నిలువునా చీల్చి, దాత్షి అనే జున్నుముద్ద వేసి, వెన్న వేసి ఉడికిస్తే అది ఎమాదాత్షి. మిగతా కూరలన్నీ ఆ పేరులో సగం అరువు తెచ్చుకుని బతికేవే.

ఇరవయ్యో రోజు పొద్దున బిదా ఎర్రన్నం మీద తెల్లటి కూర వేసి ముందు పెట్టింది.

"ఏమిటే ఇది?"

"బంగాళాదుంప."

"నిన్న?"

"బంగాళాదుంప."

"మొన్న?"

"మొన్న గుమ్మడికాయ. దాన్నీ తిట్టావు."

"తిట్టక? ఇది కూరా? గోడకు వేసే సున్నం ఇంతకంటే కారంగా ఉంటుంది."

"అయితే పోయి గోడ నాకు" అంది బిదా, తన గిన్నె తీసుకుని ఆయనకు వీపు చూపించి కూర్చుంటూ. ఈ మధ్య ఆవిడ అలాగే తింటోంది, పొయ్యి వైపు తిరిగి. తన మొహం చూస్తే ముద్ద దిగడం లేదు కాబోలనుకుని దోఫూ ఆ మాట కూడా మనసులో పెట్టుకున్నాడు.

"ఒక సంగతి చెప్పనా?" అన్నాడు. ఆయన ఆ మాట అన్నాడంటే అవతలివాళ్ళు పని చేతిలోకి తీసుకోవడం మంచిది. చోకీ మగ్గం ముందు కూర్చుంది. "నాకు ఇరవై ఏళ్ళప్పుడు పైన జడలబర్రెల మంద దగ్గర ఉన్నానా? రాత్రి ఎలుగుబంటి వచ్చింది. గుడారంలో దూరి మూడు నెలలకని తెచ్చుకున్న మిరపకాయల సంచీ మొత్తం తినేసింది. గింజ మిగల్చలేదు. తిని ఒక్క తేన్పు తేన్చింది చూడు, కనుమ మీద మంచు కరిగి నీళ్ళు కారాయి! ఆ ఏడు దారి రెండు నెలలు ముందే తెరిచారు. ఎలుగుకి ఏమైంది? ఏమీ కాలేదు. బలిసింది. అంత పెద్ద జంతువుకే ఏమీ కానిది, ఇంత మనిషికి ఏమవుతుంది?"

"పోయినసారి చెప్పినప్పుడు అది ఏడుస్తూ పారిపోయింది కదా నాన్నా?" అంది చోకీ.

"అది వేరే ఎలుగు."

బిదా వెనక్కి తిరిగింది. "చూడు ముసలాయనా. కొండ మీద ఎలుగుని నేను చూడలేదు. ఈ ఊళ్ళో, నా కళ్ళ ముందు, మిరపకాయ తినే జంతువు ఒక్కటి చూపించు. ఒక్కటి చాలు. చూపిస్తే నా చేత్తో ఎమాదాత్షి వండిపెడతా. చూపించలేకపోతే ఇంకో ఇరవై రోజులు ఆ నోరు మూసుకుని సున్నం తిను."

దోఫూ గిన్నె కింద పెట్టాడు. "మాటేనా?"

"మాటే. కానీ నోరు తెరిచి కుక్కకూడదు, పాపం తగులుతుంది. పిండిలో, తవుడులో కలిపి మోసం చెయ్యకూడదు. మిరపకాయ ఒక్కటే ముందు పెట్టాలి, అది తనంతట తాను తినాలి. చోకీ సాక్షి."

"నాకు నేత ఉందమ్మా."

"మీ నాన్న కడుపు కంటే నేత ఎక్కువా? పద."

ఆవిడ నిచ్చెన మంచం కిందనుంచి లాగి, తనే కప్పెక్కి, వేళ్ళతో లెక్కగా ఏడు పండుమిరపకాయలు ఏరుకొచ్చి కూతురి చేతిలో పెట్టింది. భర్త చేతిలో పెట్టలేదు. నలభై రెండేళ్ళ కాపురం ఊరికే పోతుందా?

ముందు సొంత కుక్క నాగ్పో దగ్గరికి వెళ్ళారు. గుమ్మంలో ఎండకి పడుకుని ఉంది. దోఫూ వంగి మిరపకాయ ముక్కు ముందు పెట్టాడు. నాగ్పో వాసన చూసింది, మొహం అవతలికి తిప్పుకుంది.

"వద్దంది" అంది చోకీ.

"నీకు మర్యాద తెలియదా? ఒక్కసారి అడిగితే ఎవరు తింటారు?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆ లోయలో పుట్టిన మనిషి ఎవరింట్లోనైనా ఏదైనా పెట్టగానే, ఆకలితో ప్రాణం పోతున్నాసరే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "మెషూ, మెషూ" అనాలి. వద్దు వద్దని. పెట్టేవాళ్ళు రెండోసారి బలవంతం చెయ్యాలి. మళ్ళీ మెషూ. మూడోసారికి గిన్నె చాపాలి. మొదటిసారికే చాపినవాణ్ణి ఏ మంద వెనక పెరిగాడో అనుకుంటారు. మూడుసార్లు అడగనివాళ్ళని అంతకంటే ఎక్కువ అనుకుంటారు.

"తీసుకో నాన్నా, కొంచెమే" అన్నాడు దోఫూ కుక్కతో, రెండోసారి.

నాగ్పో తుమ్మింది.

"మొహమాటపడకు. మనిల్లే కదా."

మూడోసారికి కుక్క లేచి, ఒళ్ళు దులుపుకుని, గేటు దాటి, పక్కింటి గుమ్మంలోకి వెళ్ళి పడుకుంది. సాయంత్రం దాకా తిరిగి రాలేదు.

"మర్యాద మరీ ఎక్కువైంది దీనికి" అన్నాడు దోఫూ. "నీ పెంపకమే."

గుర్రం పెదవితో మిరపకాయని అందుకుంది. ఒక్కసారి నమిలింది. ఆగింది. చెవులు రెండూ వెనక్కి వెళ్ళాయి. పై పెదవి చుట్టచుట్టుకుపోయి, చిగుళ్ళన్నీ బయటపెట్టి, నమిలినదంతా దోఫూ చొక్కా మీదికి ఊదింది. తర్వాత నీళ్ళ తొట్టిలో మూతి పెట్టి ఎంతసేపు తాగిందంటే, తొట్టి అడుగున పోయినేడు పోయిన కొడవలి బయటపడిందని దోఫూ తర్వాత చెప్పుకున్నాడు.

"నోట్లోకైతే పోయింది కదా?" అన్నాడు అప్పటికి.

"వచ్చేసింది కూడా. నీ చొక్కా సాక్షి, నేనక్కర్లేదు."

ఆవు దగ్గర అంత దాకా కూడా రాలేదు. నాలుక చాపి ఒక్క నాకు నాకి, తల విదిలించి, సొంగ కారుస్తూ దోఫూ వైపు చూసిన చూపుంది చూశారూ, ఏడేళ్ళు పాలిచ్చినందుకు నాకు నువ్విచ్చేది ఇదా అన్నట్టుంది. దోఫూకి నిజంగానే సిగ్గేసింది. దాని గంగడోలు నిమిరి, గుప్పెడు గడ్డి పెట్టి, "పొరపాటైందమ్మా" అన్నాడు. సాయంత్రం పాలు తగ్గితే ఆ నెపం ఎవరి మీద పడుతుందో కూడా గుర్తొచ్చింది.

మిగిలింది పంది. పక్కింటి ఆప్ వాంగ్దాకి ఉంది ఒకటి, గుండ్రాయిలాంటిది. దోఫూ ఈ ఊరికి అల్లుడై వచ్చిన నాటి నుంచీ వాంగ్దా ఆయనకు స్నేహితుడు. ఆయన కబుర్లు నమ్మినట్టు నటించే ఓపిక ఊరు మొత్తానికి అతనొక్కడికే ఉంది.

"పంది తినకపోవడమేమిట్రా" అన్నాడు వాంగ్దా విషయం విని. "మొన్న నా చెప్పు తింది. అంతకుముందు పిల్లాడి లెక్కల పుస్తకం తింది."

"లెక్కలే అరిగించుకున్నది మిరపకాయ అరిగించుకోలేదా?" అన్నాడు దోఫూ. ధైర్యం వచ్చింది.

తొట్టిలో మిరపకాయ పడెయ్యగానే పంది పరుగున వచ్చింది. ముక్కుతో తోసింది. తొట్టి మూలమూలలా ఏదైనా మిగిలిందేమో వెతికింది. మిరపకాయని ముక్కుతో ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి దొర్లించి, చివరికి తొట్టి అంచు మీదుగా బురదలోకి నెట్టేసి, ఇంకేం తెచ్చావన్నట్టు తలెత్తింది.

"నీ చెప్పు కంటే నా మిరపకాయ హీనమా?" అన్నాడు దోఫూ.

"చెప్పుకి ఉప్పగా చెమట పట్టి ఉంటుంది కదా" అన్నాడు వాంగ్దా, అదేదో తన గొప్ప అయినట్టు.

చోకీ చేతిలో ఇంక మూడు మిరపకాయలున్నాయి, ఊళ్ళో జంతువులు అయిపోయాయి. పిల్లి ఉంది కానీ దాన్ని అడిగే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. దోఫూ వాంగ్దా ఇంటి అరుగు మీద చతికిలబడ్డాడు. ఇప్పుడాయన కబుర్లు చెప్పడం లేదు. ఇంకా ఇరవై రోజులు. ఇరవై పొద్దులు, ఇరవై సాయంత్రాలు ఆ తెల్లకూర. ఇంతకీ ఆయనకు కావలసింది నోటికి కారం ఒక్కటే కాదు. మిరపకాయ తినలేనివాణ్ణి ఊళ్ళో పసిపిల్లలతోనూ, పళ్ళూడిన ముసలమ్మలతోనూ కలిపి ఒక పక్కన కూర్చోబెడతారు. పోయిన వారం ఎవరింట్లోనో పూజకి వెళితే ఆ ఇంటి కోడలు ఆయన గిన్నె చూసి, "తాతగారికి చప్పిడిది విడిగా తీశాను" అంది, చెవిటివాడితో చెప్పినట్టు గట్టిగా. ఆ మాట ఇంకా కడుపులో పుండు పక్కనే కూర్చుని ఉంది.

"పోనీలే నాన్నా" అంది చోకీ. "ఇరవై రోజులు ఎంతలో..."

ఆ మాట పూర్తి కాలేదు. వాంగ్దా కోడిపుంజు అరుగు కిందనుంచి వచ్చి, మెడ ఒక పక్కకి వాల్చి, చోకీ చేతివైపు ఒక కన్ను పెట్టి చూసింది. చటుక్కున ఎగిరి ఒక మిరపకాయ లాక్కుంది. నేలకేసి రెండుసార్లు కొట్టింది. గింజలు చిందాయి. గింజలు ముందు ఏరుకుంది. తర్వాత కాయని తలపైకెత్తి గుటుక్కున మింగేసింది. మింగి, ముక్కు మట్టికి తుడుచుకుని, మళ్ళీ చోకీ చేతివైపు చూసింది.

"అది... అది మెషూ కూడా అనలేదు!" అన్నాడు దోఫూ. అని, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, లేచి, రెండు చేతుల్తో పుంజుని ఎత్తి చంకలో పెట్టుకుని ఇంటివైపు పరుగు తీశాడు. మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో మరి. వెనకాలే చోకీ, వాంగ్దా.

ఇంటి ముందు ఎవరిదో చేతిసంచీ, కర్ర ఉన్నాయి. డాక్టరు సింగే వచ్చాడు. పది రోజులకోసారి కొండెక్కి వచ్చి దోఫూ పొట్ట నొక్కి చూసిపోతుంటాడు. బిదా ఆయనకు వెన్న టీ పోస్తోంది.

"ఇదిగో జంతువు!" అన్నాడు దోఫూ గుమ్మంలోంచే.

బిదా చూసింది. "అది కోడి."

"జంతువు కాదా?"

"జంతువంటే నాలుగు కాళ్ళుండాలి. దానికి రెండే."

"నాకూ రెండే! నేనేమన్నా పిడకనా?"

చోకీ మిగిలిన రెండు మిరపకాయల్లో ఒకటి నేల మీద వేసింది. పుంజు చంకలోంచి దూకి, డాక్టరు బూట్ల మధ్య నుంచి వెళ్ళి, గుటుక్కున మింగింది. బిదా చేతిలో టీ గరిటె అలాగే ఆగిపోయింది.

"డాక్టరుగారూ, మీరు చెప్పండి" అన్నాడు దోఫూ. "మీరు చదువుకున్నవారు. కోడి జంతువా కాదా?"

సింగేకి ముప్ఫై ఏళ్ళుంటాయి. తూర్పు కొండల వాడు, మెత్తనివాడు. సంగతేమిటని అడిగి మొత్తం విన్నాడు. నవ్వాపుకుంటూ, "జంతువే" అన్నాడు.

"విన్నావా!"

"కానీ ఆప్, మీరు తెచ్చినది ఒక్క కోడి కాదు, పక్షిజాతి. పక్షి నోటికి మిరపకాయ మంట తెలియదు. చిలకకి, కాకికి, కోడికి దేనికీ తెలియదు. వాటికది జామపండు తిన్నట్టే. కుక్కా గుర్రం పందీ వేరు, వాటికి మనలాగే నోరు మండుతుంది. అవి తెలివైనవి కాబట్టి మానేస్తాయి. బలవంతంగా పెడితే పాపం వాటి కడుపూ చెడుతుంది."

"మరి మిరపకాయకి పక్షి మీద అంత ప్రేమెందుకో?" అంది బిదా.

"అడివిలో అదే దాని బతుకు ఆమ్. పక్షికి పళ్ళు లేవు కదా, గింజ నలగదు. ఎక్కడో దూరంగా రెట్టలో పడి మొలుస్తుంది. మనలాంటి పళ్ళున్నవాళ్ళు నమిలి నాశనం చేస్తారు. అందుకే మనకి మంట పెట్టి దూరం పొమ్మంటుంది."

దోఫూ కాసేపు ఆలోచించాడు. "అంటే మిరపకాయ మనల్ని పొమ్మంటోంది, మనం పోవడం లేదు."

"ఒక్క మనిషే" అన్నాడు డాక్టరు. "నోరు కాలి, కళ్ళనీళ్ళు కారి, ముక్కు చీది, ఇంకొంచెం వెయ్యమని అడిగే జంతువు ఒక్క మనిషే."

"అయితే నాలాంటి జంతువు లేదన్నమాట!" దోఫూ దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు.

"ఆరోగ్యంగా ఉన్నవాడు, అలవాటున్నవాడు తింటే తప్పులేదు ఆప్. నేనూ తింటా. మీ పుండు కూడా మిరపకాయ పెట్టిందని నేననను. పరగడుపున తాగిన ఆరా, గుప్పెళ్ళకొద్దీ మింగిన నొప్పి మాత్రలు, వాటి పని అది. కానీ ఉన్న పుండు మీద కారం పడితే ఎలా ఉంటుందో ఉల్లిపాయ తరిగేటప్పుడు వేలు తెగితే మీకే తెలుస్తుంది. మానుతోంది. ఇంకో ఇరవై రోజులు ఆగండి."

"ఆగొచ్చు" అన్నాడు దోఫూ. "కానీ పందెం పందెమే కదా?"

డాక్టరు బిదా వైపు చూశాడు. బిదా పుంజు వైపు చూసింది. ఆవిడ మాట తప్పిందని ఆ ఊళ్ళో ఎవరూ అనగా విన్నవాళ్ళు లేరు.

"వండుతా" అంది. "డాక్టరుగారూ, భోజనానికి ఉండండి. వాంగ్దా అన్నా, నువ్వూ రా, నీ కోడే కదా గెలిచింది."

తర్వాతి గంటసేపు దోఫూ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. కత్తి కింద మిరపకాయలు చీలుతుంటే ఆ చప్పుడు విన్నాడు. దాత్షి కరిగి వెన్నలో కలిసి ఘాటు లేచినప్పుడు కళ్ళు మూసుకున్నాడు. వాంగ్దా దగ్గాడు. డాక్టరు దగ్గాడు. దోఫూ మాత్రం గుండెలనిండా పీల్చి, చిన్నప్పుడు తప్పిపోయిన దూడ ఇంటికొస్తే నవ్వినట్టు నవ్వాడు. బిదా కూర కలిపింది. పక్కన ఇంకో గిన్నెలో తెల్ల బంగాళాదుంపలు కూడా ఉడికాయి.

అందరూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. ముందు అతిథి. బిదా గరిటె ఎత్తింది.

"మెషూ, మెషూ" అన్నాడు డాక్టరు, నోటికి చెయ్యడ్డం పెట్టి.

"తీసుకోండి, కొండెక్కి వచ్చారు."

"మెషూ ఆమ్, చాలా తిన్నాను పొద్దున."

"కాస్తే, నా మాట మన్నించి." మూడోసారికి డాక్టరు గిన్నె చాపాడు. గరిటెడు పడింది. వాంగ్దా కూడా అలాగే రెండుసార్లు వద్దని మూడోసారి చాపాడు, కాకపోతే ఆ రెండు వద్దులూ గబగబా ఒకే గుక్కలో అనేశాడు.

తర్వాత దోఫూ ముందుకి గరిటె వచ్చింది.

ఎర్రగా, తెల్లగా, మిలమిలా మెరుస్తూ వచ్చింది. ఆవిరి మొహానికి తగిలింది. పంతొమ్మిది రోజులుగా ఆయన కలలోకి వచ్చిన గరిటె అది. పక్కన అతిథి చూస్తున్నాడు. ఇంటి పెద్ద, డాక్టరు ముందు, ఆకలిగొన్న పందిలా గిన్నె చాపుతాడా? ఆలోచించే వ్యవధి లేదు. అరవై ఎనిమిదేళ్ళ అలవాటు ఆయన్ని అడగలేదు. కుడిచెయ్యి తనంతట తానే లేచి గిన్నె మీద వాలింది, ఎడమచెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

"మెషూ, మెషూ" అంది ఆయన నోరు.

"సరే" అంది బిదా.

గరిటె వెళ్ళిపోయింది.

దోఫూ చెయ్యి ఇంకా గిన్నె మీదే ఉంది. నలభై రెండేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా మొదటి మెషూకి గరిటె తీసుకుపోలేదు. ఆయన గరిటె వెంట చూశాడు, బిదా వైపు చూశాడు, వాంగ్దా వైపు చూశాడు. వాంగ్దా మొహం గిన్నెలో పెట్టుకున్నాడు. అతని భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"అదేమిటే..." అన్నాడు దోఫూ, చాలా చిన్నగా. "ఇంకోసారి అడగాలి కదా."

"పందెంలో వండిపెడతానన్నాను. వండాను. పెట్టాను. బతిమాలతానని ఎక్కడన్నాను?"

"అనలేదు, నిజమే" అన్నాడు వాంగ్దా గిన్నెలోంచి. "నేను సాక్షిని."

"నువ్వెవడివిరా సాక్షివి? చోకీ సాక్షి!"

"నువ్వు వద్దన్నావు నాన్నా" అంది చోకీ. "చక్కగా రెండుసార్లన్నావు."

వద్దన్న కూరని అతిథి ముందు నోరు తెరిచి అడుక్కోవడం అంటే మనిషి మిగిలిన ఆయుష్షంతా ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. అది దోఫూకి తెలుసు. బిదాకి తెలుసు. తెలిసే చేసింది. ఆయన మెల్లిగా చెయ్యి తీశాడు. గిన్నెలోకి తెల్ల బంగాళాదుంపలు వచ్చిపడ్డాయి.

డాక్టరు మొహం చెమట పట్టి మెరుస్తోంది, ముక్కు ఎర్రబడింది. "చాలా బాగుంది ఆమ్" అని మళ్ళీ గిన్నె చాపాడు, ఈసారి మెషూ కూడా మర్చిపోయి. దోఫూ బంగాళాదుంప ముక్క నములుతూ ఆ డాక్టర్ని ఆస్పత్రి, మందులు, చదువు అన్నిటితో కలిపి మనసులోనే తిట్టాడు.

అందరికీ వేశాక బిదా తన గిన్నె తీసుకుంది. అలవాటుగా పొయ్యి వైపు తిరగబోయింది. కానీ చుట్టూ జనం కూర్చుని ఉన్నారు, తిరగడానికి చోటు లేదు. దోఫూ చూశాడు. ఆవిడ ఎమాదాత్షి గిన్నె పక్కకి జరిపి, బంగాళాదుంపల గిన్నెలోంచి వడ్డించుకుంది.

"నువ్వెందుకే సున్నం తింటున్నావు?" అన్నాడు.

"నా ఇష్టం."

"పంతొమ్మిది రోజుల నుంచీ అదే తింటోంది నాన్నా" అంది చోకీ. "నాకు మాత్రం విడిగా వండిపెట్టి. వీపు తిప్పి కూర్చునేది అందుకే. నీకు కనపడకూడదని."

దోఫూ నోట్లో ముక్క అలాగే ఉండిపోయింది. నలభై రెండేళ్ళలో ఈ మనిషి జ్వరంలో ఉన్నప్పుడు కూడా మిరపకాయ మానలేదు. చోకీ పుట్టిన రోజున మంత్రసానిని ముందు అదే అడిగింది.

"నీకేమన్నా పుండా?" అన్నాడు.

"పుండూ లేదు గుండూ లేదు." బిదా చిరాకు పడింది. "తినబోయాను రెండో రోజున. ముద్ద దిగలేదు. ఉప్పు తక్కువైందనీ, దాత్షి విరిగిందనీ, మీ అమ్మ ఇంతకంటే బాగా వండేదనీ పక్కన ఒకడు సణక్కపోతే అది ఎమాదాత్షిలా లేదు. వంక పెట్టేవాడు లేని కూర నాకు రుచించదు. ఇంక దాని మీద ఆరాలు తియ్యకు."

డాక్టరు తన గిన్నెలోకి చూసుకున్నాడు.

దోఫూ చెయ్యి చాపి గరిటె అందుకున్నాడు. డాక్టరు, "ఆప్..." అన్నాడు. దోఫూ ఆయన వైపు చూడలేదు. నిండా ఒక గరిటెడు ఎమాదాత్షి తీసి, బిదా గిన్నెలో బంగాళాదుంపల మీద కుమ్మరించాడు. వద్దనడానికి ఆవిడకు చెయ్యి లేపే సందివ్వలేదు.

"తిను. ఇరవై రోజులు వంక పెట్టడం నా పూచీ. కారం తినొద్దన్నాడు గానీ, తినేవాళ్ళని తిట్టొద్దని డాక్టరు చెప్పలేదు కదా? చెప్పారా?"

"చెప్పలేదు ఆప్" అన్నాడు సింగే.

బిదా ఒక మిరపకాయ ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ముక్కు పుటాలు ఎగిరాయి, నుదుటి మీద చెమట పొడిచింది, ఒక్కసారి గట్టిగా ముక్కు చీదింది. పంతొమ్మిది రోజుల తర్వాత ఆ మొహం మళ్ళీ ఆ మొహంలా కనపడింది. దోఫూ తన తెల్లకూర గిన్నెతో సహా ఆవిడ పక్కకి జరిగాడు. మొహం ఆవిడ గిన్నె మీదికి వంచి, ఆవిరి మొత్తం లోపలికి పీల్చి, కళ్ళు సగం మూసి, వంటవాడి పరీక్షకు వచ్చినవాడిలా తలాడించాడు.

"ఉప్పు తక్కువ" అన్నాడు.

"నీ మొహం" అంది ఆమ్ బిదా నోటినిండా నములుతూ. "సరిగ్గా ఉంది."

"దాత్షి కూడా విరిగింది."

"విరగలేదు!"

"మా అమ్మ అయితే..."

"మీ అమ్మ మాటెత్తితే ఇంకో నలభై రోజులు సున్నమే" అంది ఆవిడ, ఇంకో ముక్క అందుకుంటూ. దోఫూ తన బంగాళాదుంప ఒకటి ఆ ఆవిరిలో అటూ ఇటూ తిప్పి నోట్లో వేసుకున్నాడు. డాక్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.